వేడ్ నిజంగా మారాడా, మంచి బొమ్మ తగిలించుకున్నాడా? రెడీ ప్లేయర్ వన్ చదివినవాళ్లు ఒకసారి ఇటు రండి

కనిగిరి_కుర్రోడు · శనివారం రాత్రి 11:20

రెండు వారాలుగా చదువుతున్నా, ఇవాళ్టికి అయిపోయింది. 2018లో సినిమా చూసేసి నాకంతా తెలుసులే అనుకున్నా గానీ, పుస్తకం 2011లోనే వచ్చిందనీ, సినిమాకీ దానికీ బోలెడు తేడా ఉందనీ చదివితే గానీ తెలియలేదు.

చదవనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. 2040ల్లో ప్రపంచం దివాలా తీసి ఉంటుంది. ఉద్యోగాలు లేవు, పెట్రోలు లేదు, జనమంతా కళ్లకి హెడ్‌సెట్ కట్టుకుని ఒయాసిస్ అనే మాయాలోకంలో కాలక్షేపం చేస్తుంటారు. దాన్ని కట్టిన హాలిడే అనే ఆయన చనిపోతూ, లోపల ఎక్కడో ఒక గుడ్డు దాచాను, అది దొరికినవాడికే నా ఆస్తి అని చెప్పి పోతాడు. మన వేడ్ వాట్స్ ఓక్లహోమా సిటీలో, ట్రైలర్ బళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చిన పేటలో ఆంటీ దగ్గర పడి ఉండే పిల్లాడు. లావుగా ఉంటాడు, మాసిన బట్టలు, మామూలు బడిలో ఏడిపించారని ఒయాసిస్‌లోని బడికి మారిపోతాడు. లోపల వాడి బొమ్మ, అంటే అవతార్, పేరు పార్జివల్.

నా అనుమానం ఏందంటే, పార్జివల్ మొహం దాదాపు వేడ్ మొహమే, కాకపోతే ముక్కు కాస్త చిన్నది, మనిషి కాస్త పొడుగు, కాస్త సన్నం, మొటిమలు లేవు. ఈ మాట వాడే ఒప్పుకుంటాడు. పుస్తకం చివరికొచ్చేసరికి వాడి దగ్గర డబ్బుంది, ప్రేమించిన పిల్ల ఉంది, ఒళ్లు కూడా సన్నబడింది. అంటే బొమ్మ ఎట్టా ఉందో మనిషి అట్టా అయిపోయాడు. దీన్ని మనిషి ఎదగడం అనొచ్చా?

ఇంకోటి, నన్ను పట్టుకున్నది వేడ్ కాదు, వాడు ప్రేమించిన ఆర్టెమిస్. అందరూ లోపల సినిమా తారల్లా తయారైతే ఆ అమ్మాయి మాత్రం తన బొద్దు ఒళ్లు అట్టాగే ఉంచుకుంటుంది. ఒక్కటి మాత్రం తీసేస్తుంది, మొహం మీది ఎర్రటి పుట్టుమచ్చ. అంత ధైర్యం ఉన్న పిల్ల ఆ ఒక్కటి ఎందుకు తీసేసిందో అని ఆ పేజీలు మూడుసార్లు చదివా.

అల్లూరు_రొయ్య · శనివారం రాత్రి 11:52

అయ్యా సామీ, నేనింకా గుడ్డు దారిలో దొరికే రెండో తాళంచెవి దగ్గరే ఉన్నా. చివరికి డబ్బొచ్చింది పిల్లొచ్చింది అని మొత్తం చెప్పేస్తే ఎట్టా? రొయ్యల చెరువు గట్టుమీద రాత్రిళ్లు, నీళ్లకి గాలి ఆడించే ఏరియేటర్లకి కాపలా కూర్చుని, నిద్ర రాకుండా ఉండటానికి చదువుకుంటున్నా నేను.

మోడరేటర్ · శనివారం రాత్రి 11:58

ముగింపు గురించి రాసేవాళ్లు మొదటి లైన్లో ఆ మాట పెట్టండి. రొయ్యగారూ, మీరు పుస్తకం అయ్యేదాకా ఈ చర్చ తెరవకండి.

అల్లూరు_రొయ్య · ఆదివారం తెల్లవారుజాము 12:03

ఇంక తెరిచేశాగా. కానియ్యండి.

పెన్నా_గట్టు · ఆదివారం ఉదయం 6:40

ముగింపు గురించి ఉంది, ముందే చెబుతున్నా.

కుర్రోడూ, నువ్వు ఎదుగుదలని చివరి పేజీల్లో వెతుకుతున్నావు. అది అక్కడ లేదు, కొలంబస్ ఊళ్లో వాడు అద్దెకున్న గదిలో ఉంది. ట్రైలర్ పేట వదిలాక వేడ్ మారుపేరుతో ఒక గదిలో దూరి నెలల తరబడి తలుపు తీయడు. ఒళ్లు పెరిగిపోతుంది. అప్పుడు తన సిస్టమ్‌కి తనే ఒక తాళం వేసుకుంటాడు. రోజూ ఇంత వ్యాయామం చేస్తే గానీ ఒయాసిస్‌లోకి లాగిన్ కానివ్వదు, తిండి కూడా లెక్క ప్రకారం. అక్కడ ఆగి ఆలోచించాను నేను. పార్జివల్‌కి కండలు ఉచితంగా వచ్చాయి, వేడ్‌కి చెమట కారిస్తే గానీ రాలేదు. బొమ్మ ఒక్క క్షణంలో తయారవుతుంది, మనిషికి పొద్దున్నే లేవాల్సి వస్తుంది. ముప్పై ఏళ్లకి పైగా ఇంగ్లీషు చెప్పిన బుద్ధి కదా, క్లాసులో అయితే పరీక్షకి ప్రశ్న అక్కడినుంచే ఇచ్చేవాణ్ని.

అయితే ఇందులోనే ఒక తిరకాసు ఉంది. వాడు ఒళ్లు ఎందుకు తగ్గించాడు? బయటికి వచ్చి నలుగురిలో తిరగడానికి కాదు, అదే పెట్టెలో ఇంకా ఎక్కువసేపు కూర్చోవడానికి. ఒంటిమీది వెంట్రుకలన్నీ గొరిగేసుకుంటాడు చూడు, అది ఆరోగ్యమా, వైరాగ్యమా? ఈ తిరకాసు రచయిత కావాలని పెట్టాడో అనుకోకుండా పడిందో గానీ పుస్తకంలో నాకు నచ్చిన భాగం ఇదే. మిగతాది, మరీ కటువుగా అంటున్నానేమో, 1980ల వీడియో గేముల పేర్లు చదివించే హాజరు పట్టీ.

చీమకుర్తి_రాయి · ఆదివారం ఉదయం 9:15

మాష్టారూ హాజరు పట్టీ అనకండి, ఆ గేములాడి పెరిగినోళ్లం ఉన్నాం ఇక్కడ.

కుర్రోడా, నువ్వు బొమ్మ అబద్ధం, మనిషి నిజం అని ముందే తీర్పు రాసుకుని ప్రశ్న అడుగుతున్నట్టుంది. మా క్వారీలో గెలాక్సీ గ్రానైట్ పెద్ద దిమ్మగా పైకొచ్చినప్పుడు చూస్తే గరుగ్గా, దుమ్ము పట్టిన నల్లరాయి, అంతే. దాన్ని కోసి, పాలిష్ పెడితే అప్పుడు లోపలి బంగారు చుక్కలు మెరుస్తాయి. ఆ చుక్కలు పాలిష్‌వాడు అతికించినవి కాదు, రాయిలో ఉన్నవే. వేడ్ తెలివి, వాడి గుర్తుపెట్టుకునే శక్తి, స్నేహం కోసం నిలబడటం, ఇవన్నీ ఆ ట్రైలర్ పేటలో ఎవడికి కనపడ్డాయి? పార్జివల్ అయితేనే కనపడ్డాయి. కాబట్టి పార్జివల్ వాడి పాలిష్. అబద్ధం కాదు.

కావలి_చిన్ని · ఆదివారం ఉదయం 10:02

మొత్తం చర్చలో ఒక్కరు కూడా ఏచ్ గురించి ఎత్తలేదు, చూశారా? నేను రాస్తా. ముగింపు ఉంది.

ఏచ్ అంటే వేడ్ ప్రాణస్నేహితుడు. లోపల తెల్లజాతి కుర్రాడు, నోరు పెద్దది, ఆటలో మొనగాడు. ఏళ్ల తరబడి స్నేహం, ఒక్కసారీ బయట కలవరు. చివర్లో కలిస్తే ఏచ్ అసలు పేరు హెలెన్, నల్లజాతి అమ్మాయి. వాళ్లమ్మ తనే తెల్లమగాడి బొమ్మ పెట్టుకుని ఒయాసిస్‌లో ఉద్యోగం చేసుకునేది, జీతం, మర్యాద తేడా కళ్లారా చూసింది కాబట్టి కూతురికీ అదే నేర్పింది. ఇంతా చేసి, కూతురు అమ్మాయిల్నే ఇష్టపడుతుందని తెలిశాక ఆ అమ్మే ఇంట్లోంచి వెళ్లగొడుతుంది. ఇంత పెద్ద జీవితాన్ని రచయిత ఒక కారు ప్రయాణంలో చెప్పించేసి, వేడ్ కాసేపు అలిగి, తర్వాత ఆలోచించి, మన స్నేహం మారలేదులే అనుకున్నాడని ముగించేశాడు. నాకు మండింది. అలగాల్సింది ఎవరు?

నా సంగతి చెప్తా. ఇంటర్ అయ్యాక రెండేళ్లు మా తమ్ముడి ఐడీతో ఫోన్‌లో తుపాకుల ఆట ఆడా. స్క్వాడ్‌లో నన్ను "అన్నా ఎటు పోదాం", "అన్నా కవర్ ఇవ్వు" అనేవాళ్లు, నేను చెప్పిన చోట దిగేవాళ్లు. ఒకరోజు మైక్ ఆపడం మర్చిపోయి మా అమ్మతో "పొయ్యి మీద పాలు చూస్తున్నాలేవే" అన్నా. అంతే. అర నిమిషం నిశ్శబ్దం, తర్వాత ఒకడు నంబర్ అడిగాడు, ఇంకొకడు "అమ్మాయా, అందుకేనా పోయినసారి ఓడిపోయాం" అన్నాడు. పోయినసారి ఓడింది వాడు గ్రెనేడ్ మా కాళ్ల దగ్గరే వేసుకుంటే.

అందుకే అంటున్నా, ఆర్టెమిస్ దాచుకున్నదీ హెలెన్ దాచుకున్నదీ ఒకటి కాదు. ఆర్టెమిస్‌కి తన మచ్చ చూసుకుంటే తనకే సిగ్గు. హెలెన్‌కి తన రంగు మీద సిగ్గేమీ లేదు, లోకం దానికి తక్కువ రేటు కట్టింది కాబట్టి బొమ్మ మార్చింది. మొదటిదాన్ని మనిషి లోపల సరిచేసుకోవాలేమో. రెండోదానికి హెలెన్ ఎదగాల్సిందేముంది?

పెన్నా_గట్టు · ఆదివారం ఉదయం 10:30

చిన్నీ, ఇది నాకు తట్టలేదమ్మా. మళ్లీ ఆ అధ్యాయం తీసి చదువుతా.

గూడూరు_నిమ్మ · ఆదివారం మధ్యాహ్నం 1:10

మమ్మల్ని 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు గానీ మనసు నెల్లూరే, కాబట్టి మాట్లాడొచ్చనుకుంటా.

రాయి అన్న పాలిష్ మాటకి ఒక ఆధారం ఉంది. 2007లో స్టాన్‌ఫర్డ్‌లో నిక్ యీ, జెరెమీ బైలెన్సన్ అని ఇద్దరు ఒక ప్రయోగం రాశారు. జనానికి హెడ్‌సెట్ పెట్టి కొందరికి అందమైన బొమ్మ, కొందరికి అంతంతమాత్రం బొమ్మ ఇచ్చారు. లోపల అద్దంలో తమని తాము చూసుకోనిచ్చి, తర్వాత ఎదుటివాడితో మాట్లాడమన్నారు. అందమైన బొమ్మ దొరికినవాళ్లు ఎదుటిమనిషికి దగ్గరగా వెళ్లి నిలబడ్డారు, తమ గురించి ఎక్కువ చెప్పుకున్నారు. ఇంకో ప్రయోగంలో పొడుగు బొమ్మ దొరికినవాళ్లు డబ్బు పంచుకునే బేరంలో గట్టిగా నిలబడ్డారు, పొట్టి బొమ్మ వచ్చినవాళ్లు అన్యాయమైన వాటాకి కూడా సరేలే అన్నారు. రూపాలు మార్చే గ్రీకు దేవుడి పేరుమీద దీన్ని ప్రోటియస్ ఎఫెక్ట్ అంటారు.

కొన్ని నిమిషాలు వేసుకున్న బొమ్మకే అంత మార్పు వస్తే, వేడ్ లాగా ఏళ్ల తరబడి వేసుకున్నవాడి సంగతి చెప్పక్కర్లేదు. అయితే ఇది రెండువైపులా కోస్తుంది. పొట్టి బొమ్మ ఇచ్చినవాళ్లు లొంగిపోయారు కదా, ఆ బొమ్మ ఇచ్చేవాడి చేతిలో ఎంత ఉందో చూడండి. నవలలో ఒయాసిస్‌ని కొట్టేయాలని చూసే కంపెనీ ఉందే, దానిలో గుడ్డు వెతికే ఉద్యోగులందరికీ ఒకటే బొమ్మ, పేరు బదులు ఆరుతో మొదలయ్యే నంబరు. చదివేటప్పుడు విలన్లు కాబట్టి అట్టా పెట్టారులే అనుకున్నా. ఇప్పుడు ఆలోచిస్తే అది మనిషిని మడిచి జేబులో పెట్టుకునే పద్ధతి.

అల్లూరు_రొయ్య · ఆదివారం మధ్యాహ్నం 1:25

పొడుగు బొమ్మ వేసుకుని రొయ్యల కొనుగోలుదారుతో బేరమాడే వీలుంటే చెప్పండి, కిలోకి నలభై తూగే రొయ్యకి కిలోకి పది రూపాయలు ఎక్కువ అడుగుతా.

చీమకుర్తి_రాయి · ఆదివారం మధ్యాహ్నం 1:31

వాడు ఇంకా పొడుగు బొమ్మ వేసుకొస్తాడు తమ్ముడూ.

కనిగిరి_కుర్రోడు · ఆదివారం రాత్రి 10:47

పొద్దుటి నుంచి అన్నీ చదివా. నా మొదటి పోస్టులో చెప్పకుండా దాటేసిన సంగతి ఒకటుంది, ఇప్పుడు రాసేస్తా. పొడుగైతే క్షమించండి.

నా పేరు చూసి మీకు కొంత అర్థమై ఉంటుంది. మాది కనిగిరి పక్క పల్లె. బోరునీళ్లు తాగి పెరిగా. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాముకి మించకూడదంటారు, మా పక్క బోర్లలో అది మించి ఉండటం కొత్త కాదు. చిన్నప్పుడు చిగుళ్లలో పళ్లు తయారయ్యే వయసులోనే ఆ నీళ్లు పనిచేస్తాయి, తర్వాత ఎంత తోమినా పోదు. నా పై పళ్లు నాలుగిటి మీద అడ్డంగా గోధుమరంగు చారలు, పక్కన సున్నం పూసినట్టు తెల్ల మచ్చలు. మా బళ్లో అందరివీ అంతే కాబట్టి పదో తరగతి దాకా నాకు పళ్లు ఒక విషయమని తెలియదు. ఒంగోలు ఇంటర్ హాస్టల్లో మొదటి రోజు ఒకడు "బ్రష్ తెచ్చుకోవడం మర్చిపోయావా" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వబోయి ఆపేశా. అప్పటినుంచి నవ్వు వస్తే పై పెదవి దానంతట అదే కిందికి దిగి పళ్లని కప్పేస్తుంది. నేను చెయ్యక్కర్లేదు, అదే చేసుకుంటుంది. ఫొటోల్లో సంతాపసభకి వచ్చినవాడిలా ఉంటా.

పోయినేడు మా బావ అమెరికా నుంచి పాత హెడ్‌సెట్ ఒకటి తెచ్చిచ్చాడు. అద్దె గదిలో మంచం గోడకి జరిపేసి, పైన ఫ్యానుకి చెయ్యి తగలకుండా వంగి, రాత్రిళ్లు టేబుల్ టెన్నిస్ ఆడటం మొదలుపెట్టా. అక్కడ కర్నూలు అతను ఒకతను కలిశాడు. ఎనిమిది నెలలు వారానికి మూడు నాలుగు రోజులు ఆడాం. అతనికి నేను ఒక నీలం చొక్కా బొమ్మని, నాకు అతను ఒక గడ్డం బొమ్మ. ఒకరోజు బంతి బల్ల అంచుకి తగిలి అటు పోవాల్సింది నా మొహం మీదికి వచ్చింది. నేను గట్టిగా నవ్వేశా. నోరంతా తెరిచి, పొట్ట పట్టుకుని. అతను "నీ నవ్వు భలే ఉంది బ్రో, మా పెదనాన్న నవ్వులాగా" అన్నాడు. ఆ మాట నా జన్మలో ఎవరూ అనలేదు. హెడ్‌సెట్ తీసేశాక బాత్రూం అద్దంలో చూసుకున్నా, కళ్ల చుట్టూ దాని పట్టీ అచ్చు ఎర్రగా పడి ఉంది, చెమట, ఇంకా నవ్వు ఆగలేదు. అద్దంలో పళ్లు కనపడగానే పెదవి దిగిపోయింది. నా కళ్లముందే దిగింది. మొదటిసారి చూశా అది దిగడం.

అందుకే ఆర్టెమిస్ పేజీలు మూడుసార్లు చదివానన్నమాట. రాయి అన్న చెప్పినట్టు ఆ నవ్వు నాదే, బొమ్మది కాదు. మరి అది నా మొహంలోకి ఎందుకు రాదు?

చీమకుర్తి_రాయి · ఆదివారం రాత్రి 11:05

తమ్ముడూ, నేను పాలిష్ పాలిష్ అని ఏదో రాశా. ఇట్టా ఉందని తెలిస్తే ఆ మాట వాడేవాణ్ని కాదు.

అయినా అడుగుతా, తప్పుగా అనుకోకు. పళ్లకి ఇప్పుడు పైన పలచటి పొర అంటించే వైద్యం ఉందిగా, వెనీర్లో ఏదో అంటారు. చేయించుకోవచ్చు కదా?

కనిగిరి_కుర్రోడు · ఆదివారం రాత్రి 11:14

అడిగానన్నా ఒక డాక్టర్ని. చారలు లేతగా ఉంటే పైపైన రుద్ది తగ్గించొచ్చు, ముదిరితే పొర అంటించాలి, అది కూడా ఎప్పటికీ ఉండదు, కొన్నేళ్లకి మార్చుకోవాలి అన్నాడు. డబ్బు సంగతి పక్కన పెట్టు. చేయించుకుంటే తప్పేమీ లేదు, నాకూ తెలుసు. కానీ నా పళ్లు బాగైతేనే నవ్వుతా అంటే నేను ఆర్టెమిస్ అవతార్‌నే అవుతా కదా, ఆ ఒక్కటి తీసేసి మిగతాదంతా ఉంచుకున్న బొమ్మ.

కావలి_చిన్ని · ఆదివారం రాత్రి 11:30

అంత కఠినంగా ఉండక్కర్లేదు కనిగిరీ. ఆర్టెమిస్‌ని కూడా తప్పు పట్టకు. మొహం మీద మచ్చ ఉన్న ఆడపిల్లని బస్సులో పక్కసీటు ఆవిడ "ఎట్టయిందమ్మా, పెళ్లి ఎట్టా అవుతుంది" అని అడిగే ఊళ్లో ఉన్నాం మనం. రోజుకి ఒక్క గంట ఆ ప్రశ్న లేకుండా ఉండొచ్చంటే ఎవరైనా తీసేస్తారు. దాన్ని పిరికితనం అనను, విశ్రాంతి అంటా.

నాకు కోపం వచ్చిన చోటు వేరే. ఆ అమ్మాయి తన మొహం తనే చూపించే లోపలే వేడ్ చూసేస్తాడు గుర్తుందా? శత్రువుల కంపెనీ కంప్యూటర్లోకి దూరినప్పుడు అక్కడి ఫైల్లో ఫొటో ఉంటుంది. చివర్లో తోటలో ఆమె వణుకుతూ కూర్చుంటే వీడు ఏమీ పట్టనట్టు ఎంత అందంగా ఉన్నావో అంటాడు. వీడికి ముందే తెలుసు, సిద్ధపడి వచ్చాడు. ఆమెకి మాత్రం ఆ క్షణం కొత్త. పరీక్ష రాసింది ఆమె ఒక్కతే.

పెన్నా_గట్టు · సోమవారం ఉదయం 6:15

సినిమాలో ఇదీ మార్చేశారు, చాలా ముందే కలిసిపోతారు. మచ్చ కూడా కంటి చుట్టూ ఎవరో కుంచెతో దిద్దినంత అందంగా పెట్టారు. దానికి ఎవడు భయపడతాడు? మచ్చని కూడా సినిమాకి తగ్గట్టు సన్నం చేశారు.

ఏచ్ అధ్యాయం మళ్లీ చదివాను. చిన్ని అన్నది నిజమే. ఒక్కటి మాత్రం రచయిత తరఫున చెబుతా, హెలెన్ నవ్వు వేడ్‌కి వెంటనే తెలిసిపోతుంది. ఏచ్ బొమ్మ మొహంలో ఏళ్లుగా చూసిన అదే నవ్వు. రంగు, ఆడా మగా అన్నీ వేరైనా నవ్వు దగ్గర గుర్తుపట్టాడు. కనిగిరి అబ్బాయి రాసింది చదివాక ఈ వాక్యం దగ్గర చాలాసేపు కూర్చున్నా.

ఇంకో మాట. హాలిడే చివర్లో వేడ్‌కి చెప్పే హితబోధ, బతుకంతా భయపడ్డాను, నిజంలోనే నిజమైన సంతోషం ఉంది అనే ధోరణి. ఆయనేమో ప్రేమించిన అమ్మాయికి ఆ మాట చెప్పలేక, ఆమె ఆయన స్నేహితుణ్నే పెళ్లి చేసుకుంటే చూస్తూ ఉండిపోయినవాడు. ఆ మాట ఆయన చెబితే బరువుంది. అదే మాట 240 బిలియన్ డాలర్లు చేతిలో పడ్డాక వేడ్ అనుకుని, ఇంక లాగిన్ అవ్వాలనిపించడం లేదంటే నేను నమ్మను. వాడు ఆ ట్రైలర్ పేటలోనే ఉండిపోయి ఆ మాట అని ఉంటే నమ్మేవాణ్ని.

గూడూరు_నిమ్మ · సోమవారం ఉదయం 8:50

మాష్టారి చివరి వాక్యంతో ఒప్పుకోను. పేటలో ఉన్నవాడు బయటికి రా, నిజంలో బతుకు అంటే వాడికి అక్కడ ఏముంది? ఎండిపోయిన బోరుకి పూజ చేయమన్నట్టుంటుంది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లొస్తాయి అని మా కనిగిరి చుట్టాలు ముప్పై ఏళ్లుగా వింటున్నారు. హెడ్‌సెట్ తీసెయ్యమనే ముందు బయట నీళ్లు మంచివి ఇవ్వాలి. నవలలో ఆ వైపు ఆర్టెమిస్ ఒక్కతే ఆలోచిస్తుంది, గెలిస్తే ఆ డబ్బుతో జనానికి తిండి పెడతానంటుంది. వేడ్ ఏమో ఓడ కట్టుకుని భూమి వదిలి పోతానంటాడు. వాడి ఎదుగుదల ఏదైనా ఉందంటే ఈ రెండు కోరికల మధ్య దూరం తగ్గడమే, ఒంటి బరువు తగ్గడం కాదు.

కావలి_చిన్ని · సోమవారం ఉదయం 9:05

నిమ్మగారికి ఓటు.

కనిగిరీ, కర్నూలు అతనికి ఎప్పుడైనా చెప్పావా?

కనిగిరి_కుర్రోడు · సోమవారం రాత్రి 9:40

లేదు. చెప్పాల్సిన పని పడలేదు. అదీగాక ఇంకో గొడవ నడుస్తోంది ఇంట్లో. పోయినేడు మొహర్రంకి మా అమ్మ నెల్లూరు రొట్టెల పండగకి వెళ్లి స్వర్ణాల చెరువులో దిగి నా కోసం పెళ్లి రొట్టె పట్టుకుంది. కోరిక తీరితే మళ్లీ వచ్చి రొట్టె వదలాలి కదా, కాబట్టి సంవత్సరం తిరిగేలోపు నా పెళ్లి కుదిర్చేయాలని కంకణం కట్టుకుంది. పామూరు సంబంధం ఒకటొచ్చింది. మధ్యవర్తికి ఫొటో పంపితే అటునుంచి వచ్చిన మొదటి ప్రశ్న, "అబ్బాయి నవ్వడా?" ఆదివారం చూడ్డానికి వెళ్తున్నాం.

అల్లూరు_రొయ్య · సోమవారం రాత్రి 9:44

నవ్వు తమ్ముడూ. పామూరు నీళ్లు మాత్రం ఏం తక్కువ?

చీమకుర్తి_రాయి · సోమవారం రాత్రి 10:10

ఆదివారం రాత్రికి ఇక్కడ హాజరు వెయ్యాలి నువ్వు. లేకపోతే మాష్టారు గైర్హాజరు పెడతారు.

కనిగిరి_కుర్రోడు · ఆదివారం రాత్రి 11:02

వచ్చా. వెళ్లొచ్చాం.

పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే మా ఇద్దర్నీ వరండాలో కూర్చోబెట్టారు. పది నిమిషాలు ఉద్యోగం, జీతం, ఒంగోల్లో అద్దెలు. ఆ అమ్మాయి ఉన్నట్టుండి "మీరు మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు, దగ్గా?" అంది. చెయ్యి ఎప్పుడు పైకి వెళ్లిందో నాకే తెలియదు. పెదవి సంగతి పట్టుకున్నా గానీ చెయ్యి సంగతి ఇప్పుడే తెలిసింది. దగ్గు కాదండీ పళ్లు, మా ఊరి నీళ్లు అని చెప్పా. "ఏదీ" అంది. పెళ్లిచూపుల్లో ఎవరైనా "ఏదీ" అంటారా? చూపించా. డాక్టర్ దగ్గర చూపించినట్టు. ఆవిడ తీరుబడిగా చూసి, "మా నాన్నవి ఇంతకంటే ముదురు, ఆయన అవి పెట్టుకునే ఊరంతా అరుస్తూ తిరుగుతాడు" అంది. లోపల్నుంచి అప్పుడే వాళ్ల నాన్న ఎవరిమీదో గట్టిగా కేకేశాడు. నాకు నవ్వొచ్చింది. పెదవి దిగిందో లేదో గమనించలేదు.

వాళ్లు ఇంకా ఏ సంగతీ చెప్పలేదు. జాతకాలు చూడాలట. మా అమ్మ అప్పుడే రొట్టె ఎవరితో చేయించాలా అని లెక్కలేస్తోంది.

కావలి_చిన్ని · ఆదివారం రాత్రి 11:09

ఆ "ఏదీ" అన్న అమ్మాయి నాకు నచ్చింది. కుదరకపోయినా నంబర్ ఇప్పించు, మా స్క్వాడ్‌లోకి కావాలి.

పెన్నా_గట్టు · సోమవారం ఉదయం 6:05

హాజరు వేశాను.

అల్లూరు_రొయ్య · సోమవారం తెల్లవారుజాము 3:18 (మరుసటి వారం)

పుస్తకం అయిపోయింది. మీరంతా మొహాల గురించే మాట్లాడారు గానీ హాలిడే చివర్లో వేడ్‌కి చూపించిన ఎర్ర బటన్ గురించి ఎవరూ ఎత్తలేదే? ఒయాసిస్ మొత్తాన్ని శాశ్వతంగా ఆపేసే బటన్ వాడి చేతికిచ్చి నీ ఇష్టం అన్నాడు. నేనైతే నొక్కను. రాత్రిపూట గట్టుమీద ఒక్కణ్నే ఉంటా, ఫోన్లో మీరు లేకపోతే నాకు రేడియో తప్ప దిక్కులేదు. అట్టాగని మూడు రోజులుగా రాత్రంతా ఇదే చదువుతూ చెరువు చుట్టూ ఒక్కసారి కూడా తిరగలేదు, అదీ నిజమే. కనిగిరీ, జాతకాలు ఏమయ్యాయో రాయి. రెండో చెరువులో ఏరియేటర్ చప్పుడు ఆగినట్టుంది, చూసొస్తా.